నోరు విప్పకుండానే ఇంగ్లీషు సారు

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

నేను నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల వైపు సర్కారు బళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. ఉద్యోగంలో ఉండగా ఇలాంటి ఉత్తరాలు రాయడానికి రూల్సు ఒప్పుకోవు. ఇప్పుడా అడ్డు లేదు గనక రాస్తున్నాను.

మీ ప్రభుత్వం కొలువుదీరగానే ముఖ్యమంత్రి గారు తొలి సంతకం పెట్టింది మెగా డీఎస్సీ ఫైలు మీద. 16,347 టీచరు పోస్టులు. 2025 వేసవిలో పరీక్షలు, సెప్టెంబరులో నియామక పత్రాలు. నాపబండల గనుల్లో కూలికి పోయే ఇళ్లలోంచి, శనగ చేలల్లో కలుపు తీసే ఇళ్లలోంచి పిల్లోళ్లు ఎవరికీ రూపాయి ఇవ్వకుండా సర్కారు టీచర్లయ్యే దారి మా వైపు ఇదొక్కటే. అది ఏళ్ల తరబడి మూసుకుపోతే ఎన్ని వయసులు దాటిపోతాయో మాకు తెలుసు. తెరిచినందుకు ముందు మెచ్చుకోలు. ఇక అసలు సంగతి.

స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు పరీక్ష ఎట్లా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు, మొత్తం 80. టెట్ వెయిటేజీ 20. రెండూ కలిపితే వంద. ఆ వందలో అభ్యర్థి నోటితో పలకాల్సింది ఏమీ లేదు, చేత్తో రాయాల్సిందీ లేదు. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు జవాబుల్లో ఒకదాన్ని నొక్కుతూ పోవడమే. తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన, కౌన్సెలింగు, పోస్టింగు. పదో తరగతి దాకా పిల్లలచేత ఇంగ్లీషు మాట్లాడించాల్సిన మనిషి ఇంగ్లీషులో మాట్లాడగా ప్రభుత్వం తరఫున విన్నవాళ్లు ఒక్కరూ ఉండరు. పాఠం చెప్పగా చూసినవాళ్లూ ఉండరు. మా జిల్లాలోనే ఆళ్లగడ్డ ఉంది. అక్కడ శిల్పుల దగ్గర పనికి చేరాలంటే ఎంతటివాడైనా ముందు ఉలి పట్టి చూపించాల్సిందే. శిల్పశాస్త్రం మీద బిట్లు పెట్టి పనిలోకి తీసుకునే శిల్పి ఆ ఊళ్లో కనబడడు.

ఇంగ్లీషు సారు కావాలనుకునే పిల్లవాడు మా దగ్గర చేసే మొదటి పని కోచింగుకు డబ్బు సర్దుకోవడం. అవనిగడ్డ పేరు రాష్ట్రమంతా తెలిసిందే. కోచింగులో నేర్పేది ఇంగ్లీషు గురించి. హెరాల్డ్ పామర్ ఏమన్నాడు, మైకేల్ వెస్ట్ ఏ పద్ధతి చెప్పాడు, బైలింగ్వల్ మెథడ్ డాడ్సన్‌దా ఇంకొకరిదా, ఫలానా నాటకం ఎవరిది. మాట్లాడిస్తేనే మాట వస్తుందనే సూత్రం కూడా అక్కడ నాలుగు ఆప్షన్లలో ఒకటి. "మాట్లాడల్లంటే భయమైతాది గానీ, మెథడాలజీలో ఒక్క బిట్టు పోనీను సార్" అని నాతో ధీమాగా చెప్పిన పిల్లలున్నారు. వాళ్లను తప్పుపట్టను. పరీక్ష ఏది అడిగితే అదే చదువుతారు, బుద్ధిమంతులు ఎక్కడైనా చేసేది అదే.

అంతకు ముందు బీఈడీ ఉంది కదా అంటారేమో. 2015 నుంచి అది రెండేళ్ల కోర్సు. బళ్లో ఇంటర్న్‌షిప్పే 20 వారాలు ఉండాలి. కాగితం మీద ఇంతకంటే బాగా రాయలేం. కానీ "నాన్ అటెండింగ్" అనే మాట మన రాష్ట్రంలో బీఈడీ అడ్మిషన్ల దగ్గర ఎంత మామూలుగా వినబడుతుందో మీకు నేను చెప్పాలా? లెసన్ ప్లాన్లు రాసిపెట్టేవాళ్లు, రికార్డులు తయారుచేసి అమ్మేవాళ్లు, అదొక కుటీర పరిశ్రమ.

ఇంటర్వ్యూలు పెట్టమంటావా అని మీరు అడిగేలోపే మా ఊరివాళ్లే నా మీదికొస్తారు. వద్దు. ఇంటర్వ్యూ అనగానే మా దగ్గర పుట్టే మొదటి ప్రశ్న "ఎవురన్నా తెలిసినోళ్లు ఉండారా?" అనేది. రెండోది రేటు. బిట్లను ఎంత తిట్టుకున్నా, ఎవరి మొహమూ చూడకుండా మార్కు వేసేది ఆ పరీక్షే గనక పేదింటివాళ్లు దాన్ని నమ్ముతారు. ఆ నమ్మకాన్ని కదిలించే పని ఏదీ చేయకండి. చేతకాని ఇంగ్లీషు టీచరు వచ్చినా నేను ఓర్చుకుంటాను గానీ, లంచమిచ్చి వచ్చిన మంచి ఇంగ్లీషు టీచరును ఓర్చుకోలేను.

అయితే మొహం చూడకుండా గొంతు వినొచ్చు. అమెరికా పోయే పిల్లలు టోఫెల్‌లో మైకు ముందు మాట్లాడతారు. ఆ రికార్డింగుకు, అది ఎవరిదో తెలియకుండానే, ఎక్కడో మార్కు పడుతుంది. అదే డీఎస్సీ కేంద్రంలో, అదే కంప్యూటరుకు హెడ్‌సెట్ తగిలించి, ఎనిమిదో తరగతి పుస్తకంలో ఒక పేరా ఇచ్చి, పైకి చదవమనండి. దాన్ని పిల్లలకు ఎట్లా చెబుతావో చెప్పమనండి. పిల్లవాడు అడిగే ప్రశ్న ఒకటి వినిపించి జవాబు చెప్పమనండి. హాల్‌టికెట్ నంబరు కూడా లేకుండా ఆ గొంతును వేరే జిల్లాల్లో ఉన్న ఇద్దరికి వేరువేరుగా పంపండి. మార్కులు ర్యాంకులో కలపొద్దు, అర్హత వరకే చూడండి. టీజీటీ, పీజీటీ, ప్రిన్సిపాల్ పోస్టులకు ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షను అర్హత పేపరుగా ఇప్పటికే పెట్టారు కాబట్టి సూత్రం మీకు కొత్తేమీ కాదు. అదీ బిట్లే కావడం ఒక్కటే లోటు. మొదటిసారి తప్పినవాళ్ల ఉద్యోగం ఆపకుండా, ప్రొబేషన్ ముగిసేలోపు పాసు కమ్మనండి. యాసకు మాత్రం ఒక్క మార్కు కూడా కోయనివ్వొద్దు. మా ఇంగ్లీషులో సీమ ఉంటుంది, విజయనగరంవాళ్ల ఇంగ్లీషులో విజయనగరం ఉంటుంది. ఎదుటివాళ్లకు అర్థమవుతోందా, క్లాసును మాట్లాడించేలా ఉందా, ఆ రెండే చూడాలి.

ఇక ఉద్యోగం వచ్చాక ఏమవుతుందో చెబుతాను. అప్పుడూ ఎవరూ వినరు.

గత శతాబ్దం మొదట్లో ఉత్తర కోస్తా బళ్లకు ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన వచ్చాడు. భాషను మాట ద్వారానే నేర్పాలన్న డైరెక్ట్ మెథడ్ మీద గురి ఉన్నవాడు. బళ్లకు పోయి విన్నాడు. విన్నందువల్లే, పుస్తకంలో తెలుగు ఒకటీ మనుషుల నోట్లో తెలుగు ఒకటీ ఎందుకున్నాయని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ, గిడుగు, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల దాకా పోయి వాడుక భాష ఉద్యమానికి ఊపిరి పోసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులేనని మరిచిపోవద్దు. ఒక ఇన్‌స్పెక్టరు చెవి పెట్టి వింటే అంత కథ నడిచింది. ఇప్పుడు బడికి వచ్చే అధికారి చూసేవి రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లోకి ఫొటో ఎక్కిందా లేదా. ఆయన్నూ అనలేం. ఆయన మీద ఉన్న ఒత్తిడీ అదే.

ఇంకో కథ కాలంలోనూ దూరంలోనూ మాకు దగ్గరిది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీషు బోధన నిపుణులు బెంగళూరు, మద్రాసు వైపు మామూలు బళ్లలో ఒక ప్రయోగం నడిపించారు. వ్యాకరణాన్ని వరసపెట్టి చెప్పడం మానేసి, పిల్లల ముందు ఒక టైంటేబులో మ్యాపో పెట్టి, ఏ బండి ఎక్కితే ముందు చేరతామో తేల్చమనేవారు. మనసు లెక్క మీద ఉంటే భాష వెనకాలే వచ్చి చేరుతుందని ఆయన వాదన. ఈనాడు ప్రపంచంలో టాస్కుల ద్వారా ఇంగ్లీషు చెప్పే పద్ధతి ఎక్కడున్నా దాని పుట్టుపూర్వోత్తరాల్లో ఈ బెంగళూరు ప్రాజెక్టు పేరు వస్తుంది. మనవాళ్లలో ఎందరికి తెలుసో గానీ, బిట్టుగా మాత్రం అందరికీ తెలుసు.

ఆ పద్ధతికి మా కొలిమిగుండ్ల కంటే అనువైన చోటు ఉందా? బస్టాండులో ఆర్టీసీ బస్సుల వేళలున్నాయి. మండలంలోనే బెలుం గుహలున్నాయి. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాసిపెట్టాడు, 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి కొలతలు తీశాడు. పరాయి రాష్ట్రాల బండ్లు వస్తూనే ఉంటాయి. గుహలు చూసి, రాత్రికి తాడిపత్రిలో రైలు అందుకోవాల్సిన చెన్నై ప్రయాణికుడికి దారి చెప్పమని తొమ్మిదో తరగతివాళ్లకు అప్పగిస్తే, ఎప్పుడూ నోరెత్తని వెనక బెంచీ పిల్లలు కూడా తగువుకు దిగడం నేను చూశాను. మధ్యమధ్య తెలుగు దొర్లినా, వ్యాకరణం గంగలో కలిసినా సరే, తగువు ఇంగ్లీషులోనే నడిచేది. పైగా ఈ పిల్లలకు ఇంకో భాష అంటే జంకు లేదు. తండా నుంచి వచ్చే పిల్ల ఇంట్లో సుగాలి మాట్లాడి, వీధిలో తెలుగు మాట్లాడి బడికి వస్తుంది. ఉర్దూ ఇళ్ల పిల్లలూ అంతే. కలవటాల దగ్గర రామ్‌కో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చాక హిందీ కూడా చెవిన పడుతోంది. భాషల రద్దీలో పెరిగే పిల్లలు వీళ్లు.

బెంగళూరు కథలో చేదు భాగం కూడా మీరు వినాలి. తర్వాత ఆ ప్రాజెక్టును పరిశీలించినవాళ్లకు కనబడింది ఏమంటే, ప్రాజెక్టు బృందం చేతిలో పలికినట్టు ఆ పద్ధతి రోజువారీ బడి టీచర్ల చేతిలో పలకలేదు. కారణం ఊహించొచ్చు. అలాంటి క్లాసులో పిల్లవాడు ఏం అడుగుతాడో ముందు తెలియదు. అప్పటికప్పుడు ఇంగ్లీషులో జవాబు చెప్పగల ధీమా టీచరుకు ఉండాలి. ధీమా జీవోతో రాదు.

జీవోలకైతే మనకు కొదవ లేదు. 2019లో ఇంగ్లీషు మీడియం మీద 81వ నంబరు జీవో వచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి (అవి మంచివే, మా టీచర్లే వాటిని చాటుగా చదివి అర్థం చేసుకున్నారు). 2023లో మూడు నుంచి పదో తరగతి దాకా టోఫెల్ అంటూ, ఆ పరీక్ష నడిపే ఈటీఎస్‌తో ఒప్పందం జరిగింది. ప్రభుత్వం మారాక అదీ ఆగింది. మీడియం మీద అసెంబ్లీలోనూ కోర్టులోనూ అంత రభస జరిగింది గానీ, ఆ మీడియంలో చెప్పాల్సిన మనిషి ఎట్లా తయారవుతాడనే దాని మీద ఏ పార్టీ ఒక్క పూట కూడా కొట్లాడలేదు.

తయారుచేసే సంస్థలు లేవా అంటే, ఉన్నాయి. 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. కన్నడ మహాకవి వి.కె. గోకాక్ దానికి డైరెక్టరుగా పనిచేశారు. అదే సీఫెల్ అయి, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. 1963 నుంచి బెంగళూరులో దక్షిణాది రాష్ట్రాల కోసం ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ నడుస్తోంది, సర్వీసులో ఉన్న టీచర్లకు నెల రోజుల కోర్సు ఇస్తుంది. పోయివచ్చిన టీచరు ఎవరైనా కొన్నాళ్లు వేరే మనిషిలా కనబడతారు. తర్వాత చుట్టూ ఎవరూ లేక పాత దారిలో పడిపోతారు. 1980ల్లో సీఫెల్ జిల్లాల్లోనే ఇంగ్లీషు కేంద్రాలు పెట్టించే పని మొదలుపెట్టింది. ఆలోచన సరైనదే. కానీ జిల్లా కేంద్రమన్నా మాకు దూరమే. టీచర్లకు శిక్షణ ఇచ్చే ఉమ్మడి కర్నూలు జిల్లా డైట్ కర్నూలు పక్కన బి.తాండ్రపాడులో ఉంది. మా కొలిమిగుండ్ల నుంచి వంద కిలోమీటర్లకు పైనే. ఒక పూట శిక్షణకు ఎవరు పోగలరు?

పదోన్నతి సంగతి ఇంకా విచిత్రం. బాగా ఇంగ్లీషు చెప్పే టీచరుకు సర్కారు ఇచ్చే బహుమతి ఏమిటంటే, సీనియారిటీ వచ్చాక హెడ్మాస్టరును చేసి ఇంగ్లీషు క్లాసులు తగ్గించి బిల్లులూ తాళాలూ అప్పగించడం. సింగపూరులో టీచరుకు మూడు దారులుంటాయి. బడిని నడిపే దారి ఒకటి, పాఠ్యప్రణాళిక వంటి నైపుణ్యాల దారి ఒకటి, క్లాసులోనే ఉంటూ సీనియర్ టీచరు, లీడ్ టీచరు, మాస్టర్ టీచరు దాకా ఎక్కే దారి మరొకటి. ఆ మూడో దారి మన దగ్గర లేకపోవడం వల్లే, యాభై ఏళ్లు దాటాక చేయి తిరిగిన ఇంగ్లీషు టీచర్లు తరగతి గదిలో దొరకడం లేదు.

ఇక సర్కారు బడి దాకా రాలేనివాళ్లు. డీఎస్సీ ఎప్పుడో ఒకసారి, కడుపు రోజూ. ఎస్కే యూనివర్సిటీలోనో దూరవిద్యలోనో ఎంఏ ఇంగ్లీషు చేసిన మా పిల్లలకు దగ్గర దారి ప్రైవేటు బడి. తాడిపత్రి మాకు నంద్యాల కంటే దగ్గర గనక చాలామంది అక్కడికే పోతారు. జీతాల గురించి రాస్తే చదివేవాళ్లకు సిగ్గు. వేసవిలో చాలాచోట్ల ఆ జీతమూ ఉండదు. ఒకప్పుడు ఇలాంటి బళ్లు "కేరళ టీచర్లచే బోధన" అని గోడల మీద రాయించుకునేవి. ఆ వచ్చినవాళ్లకు తెలుగు సరిగా రాదు గనక, మంచినీళ్లకు పోవాలన్నా పిల్లలు ఇంగ్లీషులోనే అడగాల్సి వచ్చేది. ఏ పద్ధతీ లేకుండానే పని జరిగిపోయేది. నంద్యాలలో మరో దారి ఉంది. బ్యాంకు కోచింగుకు తెలుగునాట పేరున్న ఊరది. చాలా బ్యాంకు పరీక్షల ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. ఆ 20 నిమిషాలు గట్టెక్కించే సారుకు మంచి గిరాకీ. వాక్యంలో తప్పు పట్టుకోవడం, చెదిరిన వాక్యాలను వరసలో పెట్టడం, ఖాళీలు పూరించడం. ఈ పనిలో ఆరితేరినవాళ్ల బుర్రలకు దండం పెట్టాలి. వాళ్ల వల్ల ఎందరో పేద పిల్లలు బ్యాంకుల్లో చేరారు. చేరాక పై ఆఫీసుకు నాలుగు వాక్యాల ఈమెయిలు రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం మళ్లీ మొదటికే.

దేశం దాటినవాళ్లూ ఉన్నారు. ఇథియోపియా, లిబియా, సౌదీ, ఒమన్‌లలో ఇంగ్లీషు చెప్పి ఇల్లు నిలబెట్టుకున్న తెలుగు లెక్చరర్లు తక్కువేమీ కాదు. మన పాస్‌పోర్టు చూడగానే ముఖం ముడిచే దేశాలూ ఉన్నాయి. దక్షిణ కొరియా ఇంగ్లీషు టీచరు వీసాను ప్రధానంగా ఏడు దేశాలవాళ్లకే ఇస్తుంది. బయట ఎక్కువగా అడిగే అర్హతల్లో ఒకటి సెల్టా. కేంబ్రిడ్జివాళ్ల ఆ కోర్సు కనీసం 120 గంటలు. అందులో 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. వెనక ట్యూటరు కూర్చుని రాసుకుంటాడు, తోటివాళ్లూ చూస్తారు. అయ్యాక, నువ్వు ఎక్కడ అనవసరంగా మాట్లాడావు, ఎవరిచేత మాట్లాడించకుండా వదిలేశావు అని మొహమాటం లేకుండా చెబుతారు. ఆరు గంటలే. మన దగ్గర సర్వీసు మొత్తంలో అలాంటి గంట ఒక్కటి కూడా దొరక్కుండా రిటైరైన ఇంగ్లీషు టీచర్లు ఎందరో ఉన్నారు.

ఆ ఆరు గంటలను నంద్యాలకు తెప్పించండి. భవనం కట్టొద్దు, శంకుస్థాపన వద్దు. ఏదో ఒక హైస్కూల్లో శని, ఆదివారాలు రెండు గదులు చాలు. ఇఫ్లూ నుంచో బెంగళూరు నుంచో ట్యూటర్లను పిలిపించండి, లేదంటే వాళ్ల దగ్గర చదివి వచ్చిన మన టీచర్లనే కూర్చోబెట్టండి. ఊళ్లోని పిల్లలకు పాఠం, వెనక చూసేవాళ్లు, తర్వాత మాటలు. ఇంతే కోర్సు. కొత్తగా డీఎస్సీలో వచ్చినవాళ్లకు ప్రొబేషన్‌లో ఇది తప్పనిసరి చేయండి. సర్కారు టీచర్లకే అని గీత గీయొద్దు. తాడిపత్రి ప్రైవేటు బళ్లో చెప్పే అమ్మాయి, నంద్యాల కోచింగు సారు కూడా రావాలి, ఎందుకంటే పిల్లల్లో చాలామంది వాళ్ల చేతుల్లోనే ఉన్నారు. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌కు పదోన్నతిలో ఏదో ఒక విలువ కట్టండి. విలువ లేని శిక్షణకు మావాళ్లు సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోతారని మీకు తెలియనిది కాదు.

గొంతు పరీక్ష మాట కూడా వచ్చే డీఎస్సీ నోటిఫికేషన్ లోపే తేల్చండి. రాష్ట్రమంతా ఒకేసారి వద్దనుకుంటే స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టులతోనే మొదలుపెట్టండి. అన్ని రికార్డింగులు ఎవరు వింటారని ఆర్థిక శాఖ అడ్డుపడుతుంది. రిటైరైన ఇంగ్లీషు టీచర్లు ప్రతి జిల్లాలో ఉన్నారు, మాకు తీరిక ఉంది, చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. బస్సు చార్జీలిస్తే చాలు, నేనూ వస్తాను. ఒక్కటే షరతు: మా నంద్యాల జిల్లా గొంతులు మాకు ఇవ్వొద్దు. శ్రీకాకుళంవి ఇవ్వండి, మావి వాళ్లకు పంపండి.

ఇట్లు,
కొలిమిగుండ్ల నుంచి
ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచరు